పాస్‌బుక్ కాదు, పైరు చూడాలి: నా ఆర్‌ఎన్‌ఏ ప్రాజెక్టు డైరీ

మొదటి వారం

ప్రాజెక్టు టాపిక్ ఏమిటని ఇంట్లో అడిగితే "ట్రాన్స్‌క్రిప్షన్" అన్నాను. "అంటే టైపింగా?" అంది అమ్మ. పూర్తిగా తప్పనడానికి లేదు. కణంలో డీఎన్‌ఏ ఒకచోట భద్రంగా ఉంటుంది, దాంట్లోంచి ఇప్పుడు పనికొచ్చే జన్యువును మాత్రం ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ అనే ఎంజైమ్ ఆర్‌ఎన్‌ఏగా నకలు రాస్తుంది. తెలుగు మీడియం పుస్తకాల్లో అనులేఖనం అంటారే, అదే. ఏ జన్యువుకు నకలు రాయాలి, ఎప్పుడు, ఎన్ని అనేది తేల్చుకోవడమే జన్యు నియంత్రణలో సగం పని.

నేను దీని వెంట పడటానికి కారణం మా పెదనాన్న. రెండేళ్ల కిందట ఆయనకు టీబీ వచ్చింది. ఆరు నెలలు మందులు వాడారు. మొదటి రోజు మూత్రం ఎర్రగా వస్తే రక్తమనుకుని హడలిపోయారు, అది రిఫాంపిసిన్ అనే టీబీ మందు రంగు. కోర్సు అయింది, దగ్గు పోయింది, ఒళ్లు చేసింది. ఆ తర్వాత ఎవరో చెప్పారని ఒక ప్రైవేటు ల్యాబ్‌లో మళ్లీ జీన్ టెస్టు చేయించుకుంటే "పాజిటివ్" అని కాగితం చేతిలో పెట్టారు. వారం రోజులు ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. చివరికి టీబీ డాక్టర్ గారు ఆ కాగితం చూసి, ఈ టెస్టు రోగాన్ని పట్టుకోవడానికే గానీ తగ్గిందా లేదా చూడటానికి కాదని, చచ్చిన క్రిముల డీఎన్‌ఏ ఉన్నా ఇది పాజిటివ్ చూపిస్తుందని చెప్పి తెమడ కల్చర్‌కు పంపారు. ఏమీ పెరగలేదు.

అప్పటి నుంచి నా బుర్రలో ఒకటే తిరుగుతోంది. పట్టాదారు పాస్‌బుక్ ఉన్నంత మాత్రాన ఈ ఏడు పొలంలో పంట వేశారని కాదు కదా. డీఎన్‌ఏ పాస్‌బుక్, ఆర్‌ఎన్‌ఏ పైరు. మరి పైరునే చూసే టెస్టు ఎంత కష్టం? సొంతంగా చేసి చూద్దామనుకున్నా.

మా మేడమ్ మొదటి మాటకే అడ్డుపడ్డారు. "టీబీ క్రిమిని మన ల్యాబ్‌లోకి రానిచ్చేది లేదు, దానికి వేరే కట్టుదిట్టమైన ల్యాబ్ ఉండాలి. పేగుల్లో ఉండే మామూలు బ్యాక్టీరియా ఈ. కోలైతో చెయ్. అందులోనూ పాలచక్కెరను విరిచే లాక్ జన్యువుతో. అందరికీ తెలిసిన జన్యువైతే నువ్వు చేసిన తప్పు నీకే కనిపిస్తుంది." అప్పుడు కొంచెం చిన్నబుచ్చుకున్నాను గానీ మేడమ్ మాట అక్షరాలా నిజమని తర్వాత నాలుగైదుసార్లు తెలిసొచ్చింది.

5వ రోజు

లాక్ ఆపెరాన్ (ఒకే స్విచ్ కింద ఉండే లాక్ జన్యువుల గుంపు) కథ పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌ది. ఫ్రాంస్వా జాకబ్, జాక్ మొనో 1961లో రాసిన పేపర్‌తో జన్యువులకు స్విచ్చులుంటాయన్న ఊహకు ఆకారం వచ్చింది, 1965లో ఆండ్రే ల్వాఫ్‌తో కలిసి నోబెల్ అందుకున్నారు. పాలచక్కెర, అంటే లాక్టోజ్ లేనప్పుడు లాక్ రిప్రెసర్ అనే ప్రోటీన్ జన్యువు ముందుండే ఆపరేటర్ అనే డీఎన్‌ఏ ముక్క మీద కూర్చుంటుంది, పాలిమరేజ్‌కు పని జరగదు. లాక్టోజ్ వస్తే దాంట్లోంచి తయారయ్యే అల్లోలాక్టోజ్ పోయి రిప్రెసర్‌కు అంటుకుంటుంది, అది పట్టు వదిలేస్తుంది. మేం వాడేది ఐపీటీజీ, లాక్టోజ్ లాంటిదే గానీ కణానికి దీన్ని తినడం చేతకాదు కాబట్టి ప్రయోగం ఆసాంతం మోతాదు మారదు. రిప్రెసర్ దిగిపోయినంత మాత్రాన సరిపోదు, గ్లూకోజ్ కూడా ఉండకూడదు. గ్లూకోజ్ ఉంటే కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువు తక్కువగా ఉంటుంది, సీఏపీ ప్రోటీన్ తోడు రాక పాలిమరేజ్ అక్కడ సరిగా నిలవదు.

ఇదంతా నాకు నోటికి వచ్చు. అయినా ఇవాళ ట్యూబులు పసుపు రంగు తిరగలేదు. ఓఎన్‌పీజీ అనే రంగులేని పదార్థం వేస్తే, లాక్ జన్యువు నుంచి తయారయ్యే బీటా గెలాక్టోసిడేజ్ ఎంజైమ్ దాన్ని విరిచి పసుపు చేయాలి. గంట చూశాను, నీళ్లలా ఉంది. ఐపీటీజీ పాతదేమోనని కొత్తది కలిపా. ఊహూఁ. జెడ్ బఫర్‌లో బీటా మెర్కాప్టో ఇథనాల్ మర్చిపోయానేమోనని ముక్కు పెట్టి చూశా, ఆ కుళ్లిన గుడ్డు వాసన బాగానే ఉంది.

సాయంత్రం సీనియర్ అక్క వచ్చి ఒకే ప్రశ్న అడిగింది: "ఏ స్ట్రెయిన్?"

డీహెచ్‌5 ఆల్ఫా. మా ఫ్రీజర్‌లో ఉన్నవన్నీ అవే. క్లోనింగ్‌లో నీలం, తెలుపు కాలనీలు చూడటానికని దాంట్లో అసలు లాక్ ఆపెరాన్ కత్తిరించేశారు, బదులుగా మొదట్లో చిన్న ముక్క లేని లాక్‌జెడ్ (బీటా గెలాక్టోసిడేజ్ జన్యువు) ఒకటి పెట్టారు. ఆ ముక్కను ప్లాస్మిడ్ (బయటి నుంచి ఎక్కించే చిన్న డీఎన్‌ఏ చుట్ట) ఇస్తేనే ఎంజైమ్ పని చేస్తుంది. అంటే నేను రెండు రోజులుగా చక్రం లేని బండి ఎందుకు కదలదా అని పెట్రోల్ పోస్తూ కూర్చున్నానన్నమాట.

9వ రోజు

పక్క డిపార్ట్‌మెంట్ వాళ్ల దగ్గర ఎంజీ1655 అనే ఈ. కోలై స్ట్రెయిన్ స్లాంట్ (కణాలు పెంచి దాచిన ట్యూబ్) దొరికింది. ఇది కే-12 అసలు సిసలు స్ట్రెయిన్, 1997లో జీనోమ్ మొత్తం చదివింది దీనిదే, 46 లక్షల బేస్‌లకు కొంచెం పైన. ఎం9 మీడియంలో గ్లిజరాల్ వేసి పెంచా. గ్లిజరాల్ మీద చాలా నెమ్మది, ఎల్‌బీ అనే బలమైన మీడియంలో 20 నిమిషాలకు రెట్టింపయ్యేది ఇక్కడ రెండు గంటలు తీసుకుంటోంది. నిద్ర షెడ్యూల్ దాని చేతిలో పెట్టేశా.

ఈసారి ఐపీటీజీ ట్యూబ్ పది నిమిషాల్లో నిమ్మకాయ రంగు. సోడియం కార్బొనేట్ వేసి ఆపి, 420 దగ్గర, 550 దగ్గర రీడింగ్ తీసుకుని, కణాల సాంద్రతతో, టైంతో, వాల్యూమ్‌తో భాగిస్తే ఎంజైమ్ ఎంత ఉందో చెప్పే మిల్లర్ యూనిట్లు వస్తాయి. ఐపీటీజీ లేనిది 2. ఉన్నది 1,100 చిల్లర. గ్లూకోజ్, ఐపీటీజీ రెండూ ఉన్నది 400 దగ్గర. మేడమ్ చూసి "ఐపీటీజీ కొంత, పర్మియేజ్ (లాక్టోజ్‌ను లోపలికి తెచ్చే ప్రోటీన్) లేకుండానే లోపలికి దూరుతుంది, అందుకే గ్లూకోజ్ దెబ్బ నీకు తక్కువ కనిపించింది, లాక్టోజ్‌తో చేసి ఉంటే ఇంతకంటే బాగా అణిగిపోయేది" అన్నారు.

బాగానే ఉంది గానీ ఇదంతా ప్రోటీన్. ప్రోటీన్ ఒకసారి తయారైతే గంటల తరబడి ఉంటుంది. నాకు కావాల్సింది ఆర్‌ఎన్‌ఏ.

14వ రోజు

ఆర్‌ఎన్‌ఏ తీయడం మొదలుపెట్టా, అందుకే నోట్‌బుక్‌లో నాలుగు రోజులు ఖాళీ.

మన చెమటలో, చేతుల మీద, బల్ల మీద ఆర్‌ఎన్‌ఏను నరికే ఆర్‌ఎన్‌ఏజ్ ఉంటుంది. ఆటోక్లేవ్ చేసినా చావని మొండి ఎంజైమ్ అది. ప్రతి పది నిమిషాలకు గ్లవ్స్ మార్చాలి, ఫోన్ ముట్టుకుంటే మార్చాలి, ముక్కు గోక్కుంటే మార్చాలి. నేను మూడోదానికి దొరికిపోయాను. మొదటి రెండు బ్యాచ్‌లు జెల్ మీద కిందికి జారిపోయిన మసి మరకల్లా ఉన్నాయి. మూడో బ్యాచ్‌లో 23ఎస్, 16ఎస్ అనే రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏల రెండు గీతలు స్పష్టంగా, పైది కింది దానికంటే చిక్కగా. ఆ ఫొటో వాట్సాప్ స్టేటస్ పెట్టా. మా తమ్ముడు "రెండు గీతలకేనా?" అన్నాడు.

దీంట్లో నేను నేర్చుకున్న అసలు విషయం శుభ్రత కాదు, వేగం. లాక్‌జెడ్ ఎంఆర్‌ఎన్‌ఏ (ప్రోటీన్ తయారీకి సందేశం మోసే ఆర్‌ఎన్‌ఏ) సగం ఆయుష్షు, అంటే ఉన్నదాంట్లో సగం పోవడానికి పట్టే టైమ్, నిమిషం, రెండు నిమిషాల లెక్క. నేను మామూలుగా కల్చర్ తీసి, నడుచుకుంటూ సెంట్రిఫ్యూజ్ దగ్గరికి పోయి, ఐదు నిమిషాలు తిప్పి, అప్పుడు కణాలను పగలగొట్టే ట్రైజాల్ పోసేవాడిని. అంటే నేను కొలుస్తున్నది ఫ్లాస్కులో ఉన్నప్పటి కణాలను కాదు, సెంట్రిఫ్యూజ్‌లో చలికీ ఆకలికీ అదిరిపోయిన కణాలను. ఇప్పుడు ఐదు శాతం ఫినాల్, మిగతాది ఇథనాల్ కలిపి ఐసులో పెట్టుకుని, కల్చర్‌ను నేరుగా దాంట్లోకే పోస్తున్నా. కణం ఉన్నది ఉన్నట్టు బిగుసుకుపోతుంది. ఈ ఒక్క మార్పు ముందూ తర్వాతా ఫలితాలు పోలికే లేదు, కాబట్టి ఇంతకు ముందువన్నీ కొట్టిపారేశా.

17వ రోజు

ఇంకో గుంట. ఆర్‌ఎన్‌ఏను క్యూపీసీఆర్‌లో (డీఎన్‌ఏను రెట్టింపు చేస్తూ ఎంత ఉందో లెక్కపెట్టే యంత్రం) పెట్టాలంటే ముందు డీఎన్‌ఏగా తిరగరాయాలి. 1970లో హోవార్డ్ టెమిన్, డేవిడ్ బాల్టిమోర్ విడివిడిగా కనిపెట్టిన రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ చేసే పని ఇది. కోవిడ్ రోజుల్లో అందరి నోళ్లలో నానిన ఆర్‌టీపీసీఆర్‌లో ఆర్‌టీ అంటే ఇదే, చాలామంది రియల్ టైమ్ అనుకుంటారు.

ఫ్రిజ్‌లో సగం వాడిన కిట్ ఉంటే సంబరపడి వాడేశా. రెండు రోజులకు తెలిసింది, అది వరి మీద పని చేసిన సీనియర్ కొన్న కిట్, దాంట్లో ఉన్నది ఓలిగో డీటీ ప్రైమర్. ప్రైమర్ అంటే నకలు మొదలవ్వాల్సిన చోట అతుక్కునే చిన్న డీఎన్‌ఏ ముక్క. మొక్కల ఎంఆర్‌ఎన్‌ఏకు తోకలో వరసగా 'ఏ' (A) అనే అక్షరమే ఉంటుంది కాబట్టి అది అక్కడ అతుక్కుంటుంది. బ్యాక్టీరియాలో అలాంటి నికరమైన తోక ఉండదు. ఎక్కడైనా అతుక్కునే ఆరక్షరాల ప్రైమర్లు, ర్యాండమ్ హెక్సామర్లు కావాలి. కొత్త కిట్‌కు మేడమ్ సంతకం, ఆఫీసులో ఇంకో సంతకం, వారం.

26వ రోజు, సికింద్రాబాద్ వెళ్లే రైల్లో

మా కాలేజీలో మామూలు పీసీఆర్ ఉంది, క్యూపీసీఆర్ లేదు. హైదరాబాద్‌లో మేడమ్ స్నేహితురాలి ల్యాబ్‌లో నెలకు నాలుగు స్లాట్లు ఇస్తామన్నారు. ఆర్‌ఎన్‌ఏను కాజీపేట నుంచి రైల్లో మోసుకెళ్లడం కంటే, ఇక్కడే సీడీఎన్‌ఏ (ఆర్‌ఎన్‌ఏ నుంచి తిరగరాసిన డీఎన్‌ఏ) చేసేసి అది తీసుకెళ్లడం మేలు, డీఎన్‌ఏ కాబట్టి అంత తొందరగా పాడవదు. థర్మాకోల్ డబ్బాలో ఐసు, పైన టేపు. ఎదురు సీట్లో పెద్దాయన చేపలా అని అడిగాడు. అవునన్నాను, వివరించే ఓపిక లేక.

26వ రోజు, రాత్రి

దెబ్బ.

రిజల్టు ఇదీ. ఐపీటీజీ లేని శాంపిల్‌లో లాక్‌జెడ్ సీటీ 20.9. ఐపీటీజీ ఉన్నదాంట్లో 18.1. సీటీ అంటే వెలుగు గీత దాటడానికి ఎన్ని సైకిళ్లు పట్టిందన్న లెక్క, ఒక్కో సైకిల్‌కు డీఎన్‌ఏ రెట్టింపవుతుంది కాబట్టి సీటీ ఎంత తక్కువైతే మొదట్లో సరుకు అంత ఎక్కువ. తేడా 2.8 సైకిళ్లు, అంటే ఏడు రెట్లు. ఎంజైమ్ 500 రెట్లు పెరిగితే దాని సందేశం ఏడు రెట్లే పెరగడమేంటి?

నాకు ఆ గంటసేపు ఎలా అనిపించిందంటే, ఏదో కొత్త విషయం కనిపెట్టేశానని. ఆర్‌ఎన్‌ఏ నుంచి ప్రోటీన్ తయారయ్యే దగ్గర ఇంకో నియంత్రణ ఉందేమో, పేపర్ రాయొచ్చేమో అని. ఆ ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేసే అక్క నా ప్లేట్ లేఅవుట్ చూసి "నో-ఆర్‌టీ పెట్టావా?" అంది. పెట్టాను గానీ చూడలేదు. అంటే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ వేయకుండా, మిగతావన్నీ వేసిన ట్యూబ్. దాంట్లో ఆర్‌ఎన్‌ఏ తిరగబడదు కాబట్టి ఏమీ రాకూడదు.

దాని సీటీ 21.0.

ఐపీటీజీ లేని శాంపిల్‌లో నేను చూసినది దాదాపు మొత్తం జీనోమ్ డీఎన్‌ఏ. పైరు అనుకుని పాస్‌బుక్‌నే లెక్కపెట్టా. ఏ తప్పు గురించైతే ప్రాజెక్టు మొదలుపెట్టానో అదే తప్పు, నా చేతుల్తో.

అక్క మాత్రం నవ్వలేదు, టీ తాగడానికి తీసుకెళ్లింది. తను దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియా, అంటే సీఎంఎల్ శాంపిల్స్ మీద పని చేస్తుంది. "మాకు మనుషుల జన్యువులు కాబట్టి ఒక సౌకర్యం ఉంది. ఆర్‌ఎన్‌ఏలో చివరికి మిగిలే ముక్కలు ఎక్సాన్లు, వాటి మధ్య కత్తిరించి పారేసే ఇంట్రాన్లు ఉంటాయి, ప్రైమర్‌ను రెండు ఎక్సాన్లు కలిసే అతుకు మీద పెడితే డీఎన్‌ఏకు అతుక్కోదు. మీ బ్యాక్టీరియాకు ఇంట్రాన్ ఏది? లాక్‌జెడ్ డీఎన్‌ఏలో ఎలా ఉందో ఆర్‌ఎన్‌ఏలోనూ అలాగే ఉంటుంది. నువ్వు డీఎన్‌ఏను చంపడం తప్ప దారి లేదు" అంది.

ఆమె చెప్పిన ఇంకో మాట నాకు ఇంటికి వచ్చేదాకా వదల్లేదు. సీఎంఎల్‌లో 9వ క్రోమోజోమ్ ముక్క, 22వ క్రోమోజోమ్ ముక్క తారుమారై బీసీఆర్, ఏబీఎల్1 అనే రెండు జన్యువులు అతుక్కుపోతాయి. డీఎన్‌ఏలో ఆ విరుపు ఒక్కో రోగిలో ఒక్కోచోట, పెద్ద పెద్ద ఇంట్రాన్ల లోపల ఎక్కడో పడుతుంది. ఒకరికి పనికొచ్చిన ప్రైమర్ ఇంకొకరికి పనికిరాదు. కానీ ట్రాన్స్‌క్రిప్షన్ అయ్యాక ఇంట్రాన్లన్నీ కణం కత్తిరించేస్తుంది కదా, మిగిలిన ఆర్‌ఎన్‌ఏలో అతుకు చాలామందిలో రెండే రకాలు. అందుకే ఆ రోగంలో ఇమాటినిబ్ లాంటి మందు పని చేస్తోందా లేదా మూడు నెలలకోసారి చూసేది రక్తంలోని ఆర్‌ఎన్‌ఏలో. అంతర్జాతీయ స్కేలు మీద 0.1 శాతానికి దిగితే మందు బాగా పట్టినట్టు. పరీక్ష కోసం డీఎన్‌ఏ వదిలి ఆర్‌ఎన్‌ఏ పట్టుకోవడానికి ఇంత చక్కటి కారణం ఉంటుందని నాకు ఎవరూ క్లాసులో చెప్పలేదు, లేక నేను ఆ రోజు క్లాసుకు పోలేదేమో.

35వ రోజు

డీఎన్‌ఏను నరికే డీఎన్‌ఏజ్ ఎంజైమ్ ట్రీట్‌మెంట్ ఒకసారి చాలలేదు, రెండుసార్లు చేశా. మళ్లీ రైలు, మళ్లీ థర్మాకోల్ డబ్బా. ఈసారి చేపలని నేనే ముందు చెప్పా.

నో-ఆర్‌టీ 36 దాటింది. ఐపీటీజీ లేనిది 29.0, ఐపీటీజీ వేసి ఐదు నిమిషాలైనది 19.5. పోల్చడానికి పెట్టుకున్న సిస్‌జీ జన్యువు రెండింట్లోనూ 22 దగ్గర కదలకుండా ఉంది. తేడా 9.5 సైకిళ్లు, 700 రెట్ల పైన. స్టాండర్డ్ కర్వ్ వాలు మైనస్ 3.38, ఆదర్శం మైనస్ 3.32 కాబట్టి ప్రైమర్లు దాదాపు నూరు శాతం పని చేస్తున్నట్టే. మెల్ట్ కర్వ్‌లో ఒకటే శిఖరం, అంటే తయారైంది ఒకే రకం ముక్క.

సరదాకి పాత డీహెచ్‌5 ఆల్ఫా ఆర్‌ఎన్‌ఏ కూడా ప్లేటులో ఒక గుంటలో పెట్టా. లాక్‌జెడ్ సందేశం చక్కగా వచ్చింది. నా ప్రైమర్లు పోయిన ముక్కకు దూరంగా ఉన్నాయి కాబట్టి వాటికి తేడా తెలియదు. ఎంజైమ్ సున్నా, సందేశం నిండుగా. ఆర్‌ఎన్‌ఏ ఉందంటే పని జరుగుతోందని కూడా చెప్పలేమన్నమాట. పైరు ఉంది, గింజ పట్టలేదు. ఈ పోలికను ఇంక సాగదీయను.

41వ రోజు

ఇప్పుడు నాకు ఇష్టమైన భాగం. రిఫాంపిసిన్.

పెదనాన్న మింగిన మందే. ఇటుకరంగు పొడి, డీఎంఎస్ఓలో కరిగిస్తే కుంకుమ నీళ్లలా ఉంది, గ్లవ్స్, బల్ల, నా తెల్ల కోటు, అన్నీ ఎర్రబడ్డాయి. ఇది ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ బీటా ఉపభాగంలో, కొత్త ఆర్‌ఎన్‌ఏ బయటికి వచ్చే దారికి పక్కనే అడ్డంగా కూర్చుంటుంది. రెండు మూడు అక్షరాలు రాసేసరికి ఆర్‌ఎన్‌ఏ దానికి గుద్దుకుని ఆగిపోతుంది. ఇప్పటికే దూరం వెళ్లిపోయిన పాలిమరేజ్‌లను మాత్రం ఇది ఆపలేదు, అవి చివరిదాకా రాసుకుంటూ పోతాయి. అంటే దుకాణం షట్టర్ దించడం లాంటిది, కొత్తవాళ్లు రారు, లోపలున్నవాళ్లు కొనుక్కునే పోతారు. టీబీలో ఎందుకు పని చేస్తుందో ఈ. కోలైలోనూ అందుకే పని చేస్తుంది, కాకపోతే ఈ. కోలై బయటి పొర మందును రానివ్వదు కాబట్టి మోతాదు బాగా పెంచాలి.

ఐపీటీజీతో లాక్‌జెడ్‌ను ఫుల్లుగా నడిపించి, రిఫాంపిసిన్ పోసి, 0, 1, 2, 3, 5, 8 నిమిషాలకు శాంపిల్. ఒక చేతిలో స్టాప్‌వాచ్, ఒక చేతిలో పిపెట్, అటెండర్ అన్న ట్యూబుల మూతలు తీసి అందించాడు, ఆయన లేకపోతే ఇది అయ్యేది కాదు.

పనిలో పనిగా అవే శాంపిల్స్‌లో ఎంజైమ్ కూడా చూద్దామనుకున్నా. రిఫాంపిసిన్ రంగు 420 దగ్గర రీడింగ్‌ను లేపేసింది, మందు పోశాక ఎంజైమ్ పెరిగినట్టు కనిపించింది. బ్లాంక్‌లోనూ మందు వేయాలని తట్టలేదు. ఆ డేటా వదిలేశా.

47వ రోజు

రిఫాంపిసిన్ ఫలితాలు వచ్చాయి, మొదట ఏమీ అర్థం కాలేదు. సిస్‌జీతో పోల్చి లెక్క కడితే లాక్‌జెడ్ సగం ఆయుష్షు బాగా ఎక్కువొచ్చింది. మేడమ్ క్యాబిన్‌లో కూర్చోబెట్టి అడిగారు: "నువ్వు రిఫాంపిసిన్ పోశావు. మరి సిస్‌జీని ఎవరు రాస్తున్నారు?"

నాలుక కరుచుకున్నా. అదీ అదే పాలిమరేజ్ పని. లాక్‌జెడ్ పడిపోతుంటే సిస్‌జీ కూడా పడిపోతోంది, ఒకే లిఫ్టులో దిగుతూ పక్కవాడిని చూసి నేను దిగట్లేదనుకోవడం. 16ఎస్ రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏ అయితే, ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్‌లో ఇరుక్కుని నిలకడగా ఉంటుంది. అది మరీ ఎక్కువ ఉంటుంది కాబట్టి సీడీఎన్‌ఏను వెయ్యి రెట్లు పలచన చేసి మళ్లీ నడిపా.

ఇప్పుడు అందం కనిపించింది. లాక్‌జెడ్ పొడవు 3,000 అక్షరాల పైన. నేను ప్రైమర్ జతలు రెండు పెట్టుకున్నా, ఒకటి మొదట్లో, ఒకటి చివర్లో. మొదటి జత: 19.4, 20.0, 20.7, 21.3, 22.7, 24.7. మందు పోసిన క్షణం నుంచే దిగుడు. సీటీ ఒకటి పెరిగిందంటే సరుకు సగమైందని అర్థం, దానికి నిమిషంన్నర పడుతోంది, అంటే అదే సగం ఆయుష్షు. చివరి జత: 20.1, 20.1, 20.6, 21.3, 22.6, 24.6. మొదటి నిమిషం కదలనే లేదు! షట్టర్ దించాక లోపలున్నవాళ్లు బయటికి రావడానికి పట్టిన టైమ్ అది. ఈ. కోలైలో పాలిమరేజ్ సెకనుకు 40, 50 అక్షరాలు రాస్తుంది, 3,000 అక్షరాలకు నిమిషం చిల్లర. పుస్తకంలో చదివిన వేగం నా ఎక్సెల్ షీట్‌లో ఒక్క ఖాళీ నిమిషంగా కనిపిస్తోంది.

ఒక్కసారి చేసిన ప్రయోగమే, ఇంకో రెండుసార్లు రావాలి. అయినా ఆ రాత్రి పడుకోలేదు.

55వ రోజు

రిఫాంపిసిన్ కలిపిన ఎల్‌బీ ప్లేట్ల మీద ఒక్కోదాని మీద సుమారు వంద కోట్ల కణాలు పరిచి వదిలేశా. నారింజ రంగు ప్లేటు మీద రెండో రోజుకు పదకొండు కాలనీలు. మందును లెక్కచేయని రకాలు. నేను చేసిన కొత్త పనేమీ లేదు, అంతమందిలో కొందరిలో ఆ మార్పు ముందే ఉంటుంది.

ఒకదాని ఆర్‌పీఓబీ (పాలిమరేజ్ బీటా ఉపభాగం తయారయ్యేది దీన్నుంచే) జన్యువు ముక్కను సీక్వెన్సింగ్‌కు పంపితే ఒకే అక్షరం మారి వచ్చింది. 1576వ చోట సీ బదులు టీ. దాంతో ప్రోటీన్‌లో 526వ స్థానంలో హిస్టిడిన్ పోయి టైరోసిన్ వచ్చింది. మందు కూర్చునే పీట విరిగింది, పాలిమరేజ్ మాత్రం నడుస్తూనే ఉంది.

దీన్నే టీబీ క్రిమిలో ఆసుపత్రి యంత్రం వెతుకుతుంది. మన జిల్లా ఆసుపత్రుల్లో సీబీనాట్ అనే జీన్‌ఎక్స్‌పర్ట్ ఆర్‌పీఓబీలో 81 అక్షరాల ముక్కను చూస్తుంది, రిఫాంపిసిన్‌కు లొంగని టీబీలో 95 శాతం దాకా మార్పులు ఆ కాస్త జాగాలోనే ఉంటాయి. క్రిమి ఉందా, మందుకు లొంగుతుందా, రెండూ రెండు గంటల లోపు తేలిపోతాయి. డబ్ల్యూహెచ్‌ఓ దీనికి 2010 డిసెంబర్‌లో పచ్చజెండా ఊపింది. గోవాలో తయారైన ట్రూనాట్ కూడా ఇలాగే డీఎన్‌ఏ చూస్తుంది. నా 526, టీబీ లెక్కలో 445. పాత టీబీ పేపర్లు ఈ. కోలై అంకెలే వాడేవి, కొత్తవి టీబీ సొంత అంకెలు వాడతాయి, ఈ గందరగోళంలో నేను ఒక పూట పోగొట్టుకున్నా. 

మందుకు లొంగుతుందో లేదో త్వరగా చూడటానికి డీఎన్‌ఏ టెస్టును మించింది లేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నా, మొదట్లో దాని మీద కొంచెం కోపంగా ఉండేది. పెదనాన్న విషయంలో తప్పు యంత్రానిది కాదు, దాన్ని అడగకూడని ప్రశ్న అడిగారు.

62వ రోజు

ఆఖరి ప్రయోగం, మేడమ్ ప్లాన్‌లో లేనిది, బతిమాలి ఒప్పించా. ఐపీటీజీతో నడుస్తున్న కల్చర్‌ను సగం చేసి, ఒక సగాన్ని 80 డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాలు ఉంచి చంపి, 37 డిగ్రీల దగ్గర ఒక రోజు వదిలేశా. ప్లేటు మీద పరిస్తే ఒక్క కాలనీ లేదు.

డీఎన్‌ఏ సీటీ చంపకముందు 17.1, చచ్చి ఒక రోజయ్యాక 17.6. యంత్రాన్ని అడిగితే బ్రహ్మాండంగా బతికే ఉన్నాయంటుంది. లాక్‌జెడ్ ఆర్‌ఎన్‌ఏ 19.6 నుంచి 34.8కి పోయింది, నో-ఆర్‌టీకి ఇంచుమించు పక్కనే.

పెదనాన్నకు ఫోన్ చేసి చెప్పా. అంతా విని "మరి ఆ ల్యాబ్ వాళ్లు మూడు వేలు వెనక్కిస్తారా?" అన్నారు.

టీబీలో ఇది ఇంత తేలిక కాదు. దాని ఎంఆర్‌ఎన్‌ఏ సగం ఆయుష్షు సగటున 9, 10 నిమిషాలు, ఈ. కోలై కంటే నెమ్మది. కణం గోడ మైనం పూసినట్టు ఉంటుంది, పగలగొట్టడానికి గాజు పూసలు వేసి కుదపాలి, ఈలోగా ఆర్‌ఎన్‌ఏ మిగలాలి. తెమడ ఊరి నుంచి ల్యాబ్‌కు ఎండలో వచ్చేసరికి ఏమవుతుందో నా రైలు ప్రయాణాలు చెప్పాయి. అయినా రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏను కొలిచి, చికిత్సతో క్రిముల సంఖ్య ఎంత తగ్గుతోందో చూసే పద్ధతులు వచ్చాయి.

అక్కడే నాకు ఇంకో చిక్కు. నేను చంపిన కణాల్లో 16ఎస్ ఒక రోజు తర్వాత కూడా ఇంకా చాలా మిగిలింది, సీటీ నాలుగు సైకిళ్లే వెనక్కి పోయింది. అంటే ఆర్‌ఎన్‌ఏ అన్నంత మాత్రాన అన్నీ ఒకే వేగంతో పోవు. మూడు రోజులు, వారం రోజులు ఉంచిన ట్యూబులు ఇంక్యుబేటర్‌లో ఉన్నాయి, మూత మీద "పారేయకండి" అని ఎర్ర పెన్నుతో రాశా. హైదరాబాద్ స్లాట్ వచ్చే మంగళవారం. డబ్బాకు కొత్త టేపు కొనాలి.